ఇంజన్ ఆపి చూసిన ఆయిలు

క్లచ్ లేని కార్లు మీ కాలంలోనే వచ్చాయని, ఎడమకాలికి విశ్రాంతి దొరికింది మీ తరానికేనని మీరు అనుకుంటూ ఉంటారు. డెబ్బైల చివర్లో హనుమకొండలో అలాంటి కారు ఒకటి నేను నడిపాను. నడిపాను అని దర్జాగా అంటున్నాను గానీ, బాగున్నన్నాళ్లూ అది దానంతట అదే నడిచింది. నడవనని మొండికేసిన ఒక్క రోజే నిజంగా నేను నడపాల్సి వచ్చింది. నా డ్రైవరు ఉద్యోగం గురించి ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆ రోజు గురించే అడుగుతారు. అడిగేవాళ్లలో సగం మంది దాన్ని తప్పుగా విని ఉంటారు. అందుకని ఉన్నదున్నట్టు ఒకసారి రాసి పెడుతున్నాను.

అప్పుడు నేను ఒక మిషన్ దవాఖానలో పనిచేసేవాణ్ని. సగం డ్రైవరును, సగం మెకానిక్కును. ఇందులో ఎవరి పేర్లూ రాయను. చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉండి ఉంటే పేర్లు రాయడానికి కాస్త ఉత్సాహంగా ఉండేది.

మా మోటారు షెడ్డుకు పెద్ద ఉస్తాద్. వరంగల్ స్టేషను దగ్గరి లారీ షెడ్లలో పెరిగిన మనిషి. స్క్రూడ్రైవరు కొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉండేది. పొద్దున వేసుకున్న తెల్ల చొక్కా సాయంత్రానికి కూడా తెల్లగానే ఉండేది. మిగతా షెడ్లవాళ్లు తమకు అంతుపట్టని బండి వస్తే సైకిలు మీద మనిషిని పంపి ఆయన్ను అడిగించుకునేవారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విని మీరు ఆయన్ను పనిరానివాడు అనుకోవద్దు. పని రాక జరిగింది కాదు అది. మరీ బాగా వచ్చి జరిగింది.

ఆయనకొక నియమం ఉండేది. ప్రతి సోమవారం పొద్దున, ఇంకా ప్రార్థన గంట కొట్టకముందే, బండ్లన్నీ చదునైన గచ్చు మీద నిలబెట్టి, స్టార్ట్ చేయని ఇంజన్లలో ఆయిలు చూసేవాడు. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్లీ దింపి, మళ్లీ లాగి, వెలుతురుకు పట్టి చూసేవాడు. రాత్రంతా బండి నిలబడి ఉంటే ఆయిలు కిందికి దిగి నిలకడగా ఉంటుంది, అప్పుడు కనిపించిందే లెక్క అనేవాడు. మా జీపుకు, పాత వ్యానుకు అది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి.

అంతలో, మా దవాఖానలో చాలా ఏళ్లు పనిచేసిన విదేశీ డాక్టరు దొర రిటైరై తన దేశం వెళ్లిపోతూ, తన సొంత కారును దవాఖానకు ఇచ్చాడు. పడవంత పొడవు కారు. స్టీరింగు ఎడమ పక్కన. వెనక సీట్లు తీసేస్తే స్ట్రెచరు పట్టేది. వెనక తలుపు అరుగులా కిందికి వాలేది. క్లచ్ లేదు. స్టీరింగు దగ్గర ఒక చిన్న కర్ర, దాని ముందు ఇంగ్లీషు అక్షరాలు: పీ, ఆర్, ఎన్, డీ. పీ అంటే బండి నిలబెట్టడానికి, ఆర్ అంటే వెనక్కి, ఎన్ అంటే ఊరికే ఉండడానికి, డీ అంటే ముందుకు. మా కాంపౌండులో నర్సమ్మలు మాత్రం వేరే అర్థం చెప్పుకుని నవ్వుకునేవారు: ప్రార్థన, రక్షణ, నిరీక్షణ, దేవుడు.

అలాంటి బండిలో గేర్లు వేసేది మన చెయ్యి కాదు, ఆయిలు. ఎర్రగా, పలుచగా ఉంటుంది. లోపల ఒక పంపు దాన్ని తోస్తూ ఉంటే, ఆ ఒత్తిడికే గేర్లు పడతాయి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆయిలు గేరుబాక్సు నిండా పరుచుకుని ఉంటుంది. ఇంజన్ ఆపితే అందులో కొంత జారి అడుగు తొట్టిలోకి చేరుతుంది, అక్కడ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ఆ ఆయిలు చూడాలంటే బండిని కాసేపు తిప్పి, వేడెక్కనిచ్చి, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. మీరు తెలుసుకోవాల్సిన శాస్త్రం ఇంతే. మేము తెలుసుకోవాల్సింది కూడా ఇంతే.

వెళ్లేముందు దొర మా ఇద్దరినీ పిలిచి చూపించాడు కూడా. కారును కాంపౌండు చుట్టూ కాసేపు తిప్పి తెచ్చి, ఇంజన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తి, గేరుబాక్సు ఆయిలు పుల్ల లాగి, తుడిచి, దింపి, మళ్లీ లాగి మాకు చూపించి, ఇట్లే, ఎప్పుడూ ఇట్లే అని గట్టిగా చెప్పాడు. ఉస్తాద్ చేతులు వెనక్కి కట్టుకుని మర్యాదగా చూశాడు. దొర బంగళా వైపు వెళ్లాక నాతో అన్నాడు:

"మంచోడే గని, దొరకు జర తొందర ఎక్కువ. ఇంజన్ బంద్ చేసే ఓపిక గూడ లేదు."

దొర రైలెక్కిన తర్వాత వచ్చిన సోమవారం ఆ కారు కూడా జీపు పక్కన వరుసలో నిలబడింది. చల్లటి బండి, ఆపిన ఇంజన్. గేరుబాక్సు పుల్ల మీద ఆయిలు గీత దాటి చాలా పైకి ఉంది. దొర వెళ్లిపోతున్న బెంగలో ప్రేమ కొద్దీ ఎక్కువ పోసి ఉంటాడని ఉస్తాద్ జాలిపడ్డాడు. ఎక్కువైతే సీళ్లు తన్నుకుని కారుతుందని, రబ్బరు గొట్టం దింపి, సరిగ్గా గీత మీదికి వచ్చేదాకా బయటికి తీయించాడు.

అంత శుభ్రమైన ఆయిలును పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. సీసాల్లో పోసి పెడితే వార్డుల తలుపు బందులకు వేశారు, కుట్టుమిషన్లకు వేశారు, వాచ్‌మన్ తన సైకిలు చైనుకు వేసుకున్నాడు. ఆ నెలలో మా దవాఖానలో కిర్రుమనే వస్తువంటూ లేకుండా పోయింది. అంతటా మెత్తగా, నున్నగా నడుస్తోంది. ఒక్క కారు తప్ప.

మొదట్లో పెద్ద తేడా తెలియలేదు. పొద్దుటిపూట డీలో వేస్తే వెంటనే కదిలేది కాదు, ఒక ఆవులింత తీసేంత సేపు ఆలోచించుకునేది. తర్వాత ఎత్తులు ఎక్కేటప్పుడు ఇంజన్ అరిచేది గానీ బండి మాత్రం నింపాదిగా వచ్చేది. ఉస్తాద్ కార్బురేటరు విప్పి కడిగాడు. ప్లగ్గులు మార్చాడు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని నాలుగు చక్రాలూ ఊడదీశాడు. గేరుబాక్సు మీద మాత్రం ఆయనకు అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? అందులో ఆయిలు ప్రతి సోమవారం సరిగ్గా గీత మీదే ఉండేది.

దొర తర్వాత ఊళ్ల క్యాంపులు చూసే బాధ్యత మా డాక్టరమ్మ మీద పడింది. హసన్‌పర్తి వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మద్రాసు దిక్కు చదువుకుని వచ్చిన సర్జన్. బయట ఆమె మాట వినబడీ వినబడనట్టు ఉండేది. ఆపరేషన్ థియేటరులో మాత్రం ఆ గొంతు వేరే అనీ, చెప్పినట్టు జరిగేదాకా చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతుందనీ నర్సమ్మలు అనేవారు. మేము థియేటరులోకి పోయేవాళ్లం కాదు కాబట్టి అది మాకు కథగానే తెలుసు. ఒకరోజు ఆమె షెడ్డు ముందు ఆగింది.

"ఉస్తాద్, దొర చూసేటప్పుడు ఇంజన్ నడుస్తుండె గదా. మనం గూడ ఒకసారి గట్ల చూద్దామా?"

ఉస్తాద్ నొచ్చుకున్నాడు. ఆయన నొచ్చుకుంటే అరవడు. చేతిలో ఉన్న పానాను గుడ్డతో తుడవడం మొదలుపెడతాడు. అది మెరిసేదాకా తుడిచి, నడిచే ఇంజనులో చూసిన ఆయిలు లెక్కకు రాదని నెమ్మదిగా చెప్పాడు. మీకు తెలియనిదా, ఊరికే అడిగానని ఆమె నవ్వి వెళ్లిపోయింది.

అంతే. చెప్పాల్సిన మాట చెప్పాల్సిన మనిషి చెప్పింది. వినాల్సిన మనిషి విన్నాడు. పక్కన సాక్షిగా నేనున్నాను. మర్యాదకు ఎక్కడా లోటు రాలేదు. కారు పాడవుతూనే ఉంది.

కొన్నాళ్లకు కాలిన వాసన మొదలైంది. పుల్ల మీద ఆయిలు ఎరుపు పోయి చాయ్ డికాక్షన్ రంగుకు వచ్చింది. ఆయిలు మార్చాలని ఉస్తాద్ తేల్చాడు. ఆ మాట వరకు సరైనదే. అలాంటి ఆయిలు మాత్రం వరంగల్‌లో దొరికేది కాదు. చౌరస్తా దగ్గర మోటారు సామాన్ల దుకాణం సేటు, మూడు తరాలుగా బజారులో ఉన్న కుటుంబం, ముందు మామూలు గేరు ఆయిలు డబ్బా మా ముందుకు తోశాడు. ఇది చిక్కన, పనికిరాదంటే పలుచటిది తీశాడు. ఇది ఎర్రగా లేదంటే, ఎర్రగా ఉంటే చాలునా అని శాంతంగా అడిగాడు. మేము కదలకుండా అక్కడే నిలబడేసరికి, బేరాలు చెడుతున్నాయని, హైదరాబాదు నుంచి తెప్పిస్తానని ఒప్పుకున్నాడు. తెప్పించాడు. సరైన ఆయిలే తెప్పించాడు. ఈ మొత్తం వ్యవహారంలో చేయాల్సిన పని చేయాల్సినట్టు చేసింది ఆయనొక్కడే, అదీ మమ్మల్ని వదిలించుకోవడానికి.

ఆ గేరుబాక్సుకు కింద ఆయిలు వదిలే బోల్టు లేదు. అడుగు తొట్టినే విప్పాలి. నేను కారు కింద పడుకుని బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తుంటే తొట్టి ఒక పక్కకు ఒరిగి, నల్లటి ఆయిలు నా మెడ మీదుగా చొక్కాలోకి పోయింది. తొట్టి అడుగున మెత్తటి మసి పేరుకుని ఉంది. వార్డులు చూసుకుని వస్తున్న డాక్టరమ్మ ఆగి, వంగి, ఆ మసిని వేలితో కాస్త తీసి వాసన చూసింది. రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో, లోపల ఏదో కాలిపోతోందని చెప్పింది. అందుకేనమ్మా కొత్తది పోస్తున్నామన్నాడు ఉస్తాద్. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఆయిలు వడగట్టే జాలీ కడిగాం, తొట్టి తుడిచాం, కొత్త ప్యాకింగు వేసి బిగించాం. ఎర్రటి ఆయిలు పోశాం. ఎంత పోశాం? ఇంజన్ ఆపి పుల్ల లాగి చూస్తే సరిగ్గా గీత మీదికి వచ్చేంత.

కొత్త ఆయిలుతో కారు కొన్ని వారాలు బుద్ధిగా నడిచింది. అందరూ ఉస్తాద్‌ను మెచ్చుకున్నారు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు వాహనం బాగైనందుకు కృతజ్ఞతలు కూడా చెల్లించారు. మిగిలిన ఆయిలు డబ్బాను నేను కారులోనే సీటు కింద పెట్టాను. షెడ్డులో ఉంటే మళ్లీ ఎవరి తలుపులకు పోతుందోనని నా భయం.

ఇక ఆ రోజు. ములుగు అవతల, అడవిలో ఒక ఊళ్లో క్యాంపు. డాక్టరమ్మ, ఒక నర్సమ్మ, నేను. ఉస్తాద్ కూడా వచ్చాడు. ఎత్తుల దగ్గర బండి చేసే చప్పుడు తన చెవులతో వినాలని. మేము ఇంకా సామాను దించుతుండగానే ఒక ముసలమ్మను మంచం మీద మోసుకొచ్చారు. వాగు దగ్గర చాయ్ కొట్టు నడుపుకునే మనిషి. గజ్జలో గడ్డ ఏళ్ల తరబడి ఉందట, చీర మాటున దాచుకుని ఎవరికీ చెప్పలేదు. ముందురోజు అది రాయిలా బిగిసింది. అప్పటినుంచి ఒకటే వాంతులు. డాక్టరమ్మ చేత్తో నొక్కి లోపలికి పంపాలని చూసింది, కుదరలేదు. పేగు అందులో చిక్కుకుంది, సాయంత్రంలోగా ఆపరేషన్ చేయకపోతే కుళ్లిపోతుంది, ఆ తర్వాత చేయగలిగింది ఉండదు అని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. క్యాంపును నర్సమ్మకు అప్పగించి, ముసలమ్మను స్ట్రెచరు మీద, తోడుగా ఆమె కోడలిని పక్కన ఎక్కించుకుని బయల్దేరాం.

వాగు దిగి అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ గగ్గోలు పెట్టింది గానీ, ఎలాగో ఎక్కింది. చదును రోడ్డు మీదికి వచ్చాక, ఇక ఫికర్ లేదని నేను ఊపిరి పీల్చుకున్నాక, బండి ముందుకు పోవడం మానేసింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజన్ అరుస్తోంది, చక్రాలు మాత్రం తమకేం పట్టనట్టు ఉన్నాయి. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది, మళ్లీ పొద్దువాలాకే. రోడ్డు మీద వెదురు వేసుకుని పోతున్న ఎడ్లబండి ఒకటి, దాని వెంట ఇద్దరు మనుషులు, అంతే. ఎడ్లబండి మీద ములుగు చేరేసరికి ఏ వేళ అవుతుందో డాక్టరమ్మ వాళ్లను అడిగింది. విని, ముసలమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఉస్తాద్ దిగి బానెట్ ఎత్తాడు. కంగారులో నేను ఇంజన్ ఆపడం మరిచిపోయాను. ఆయన కూడా ఆపమని చెప్పడం మరిచిపోయాడు. కోపంతో గేరుబాక్సు ఆయిలు పుల్లను లాగాడు. దాని మీద ఆయిలు లేదు. కొన మీద కూడా తడి లేదు. తుడిచి మళ్లీ దింపి లాగాడు. పొడిగా ఉంది. మొన్న సోమవారమే గీత మీద చూశాడు. చుక్క కూడా కింద కారిన జాడ లేదు. ఇంజన్ ఆపమని నాకు సైగ చేశాడు. ఆపాను. కాసేపు ఆగి పుల్ల లాగాడు. ఆయిలు గీత మీద ఉంది. మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. చేశాను. పుల్ల పొడిగా వచ్చింది.

ఆయన అలా మళ్లీ ఆపించి చూశాడు, మళ్లీ స్టార్ట్ చేయించి చూశాడు. డాక్టరమ్మ దిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఉస్తాద్ ఆ పొడి పుల్లను చేతిలో పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"అమ్మా, దొర తొందర మనిషి కాదు."

"కాదు ఉస్తాద్," అంది ఆమె.

సీటు కింది డబ్బా తీశాను. పోయడానికి గరాటు లేదు. ఉస్తాద్ రోడ్డు పక్కన టేకాకు తెంపి చుట్టి, పుల్ల దిగే గొట్టంలో పెట్టాడు. ఇంజన్ నడుస్తుండగానే, ఆయన జీవితంలో మొదటిసారి, కొంచెం కొంచెంగా పోస్తూ, ఆగి పుల్ల చూస్తూ, డబ్బా మొత్తం పోశాడు. ఆయిలు గీత దగ్గరికి వచ్చింది. డీలో వేశాను. ఇంజన్ అరిచింది, అంతే. లోపల ముందుకు తీసుకుపోయే ప్లేట్లు అప్పటికే కాలి బూడిదయ్యాయి; కాలిపోయినదానికి ఎంత మంచి ఆయిలు పోస్తే ఏం లాభం? ఏం చేయాలో తోచక కర్రను అటూ ఇటూ కదుపుతుంటే అది ఆర్ మీద పడింది. కారు ఒక్క కుదుపు కుదిపి వెనక్కి కదిలింది.

నేను బ్రేకు వేసి ఉస్తాద్ వైపు చూశాను. ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. లోపలినుంచి ముసలమ్మ అంది:

"ఎటైతేంది బిడ్డా, కదిలింది గదా. పోనియ్యి."

చిక్కేమిటంటే దవాఖాన మా ముందు ఉంది, బండి వెనక్కే పోతుంది. కాబట్టి దాని వీపును ములుగు వైపు తిప్పి నిలబెట్టాలి. రివర్సులో కొంత పక్కకు తీసుకోవడం, చేతులతో ముందుకు తోయడం, మళ్లీ రివర్సు. వెదురు బండివాళ్లిద్దరూ, ఉస్తాద్, కోడలు, కొంగు బిగించి డాక్టరమ్మ, అందరూ తోశారు. ఉస్తాద్ చొక్కా మీద మట్టి చూడడం నాకు అదే మొదటిసారి. కారు తిరిగాక వెనక తలుపును కిందికి వాల్చి, ఉస్తాద్ దాని మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు, నాకు దారి చెప్పడానికి. బయల్దేరాం.

మీరు ఎప్పుడైనా పడవంత కారును మైళ్ల కొద్దీ వెనక్కి నడిపి చూడండి. తల వెనక్కి తిప్పి కూర్చుంటే కాసేపటికి మెడ నాది కాదనిపించింది. అంతకంటే పెద్ద గోల, ఉస్తాద్ చెప్పే దారి. ఆయన ఎడమ అంటే అది రోడ్డుకు ఎడమో, బండికి ఎడమో, తన ఎడమో తేలేది కాదు. నేను ఒకటి తిప్పితే కారు ఇంకో పక్కకు పోయేది. ఒకసారి కంచెలోకి పోయి వచ్చాం. ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను. అప్పుడు ముసలమ్మ కల్పించుకుంది. స్ట్రెచరు మీద ఆమె తల నా వైపు, కాళ్లు వెనక తలుపు వైపు ఉన్నాయి. అంటే ఆ బండిలో మేము పోతున్న దారికి ఎదురుగా, సుఖంగా చూడగలిగే స్థితిలో ఉన్నది ఆమే. సుఖం అనకూడదేమో. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే చెప్పడం మొదలుపెట్టింది.

"ఎడమ కుడి ఇడిసిపెట్టున్రి. గుట్ట దిక్కు తిప్పు. ఆఁ, ఇగ వాగు దిక్కు. జర నిలవడు, బర్రె అడ్డమొస్తాంది."

ఆ రోడ్డుకు ఒక పక్క గుట్టలు, ఒక పక్క వాగు. ఆ రెండూ నాకు ఏ వైపునుంచి చూసినా ఒకటే. ఆ తర్వాత కంచెలోకి పోలేదు. నొప్పి ఎక్కువైనప్పుడు ఆమె మాట ఆగిపోయేది, ఉస్తాద్ అందుకుని గుట్ట దిక్కు, వాగు దిక్కు అని అదే భాషలో చెప్పేవాడు. డాక్టరమ్మ ఒక చేత్తో సెలైను సీసా ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ముసలమ్మ నాడి పట్టుకుని కూర్చుంది. కోడలు మొత్తం దారిలో ఒక్కటే మాట అంది. అత్తమ్మా, నువ్వు ఊకో, ఆయాసపడకు అని. ముసలమ్మ వినలేదు. ఇల్లు కూడా అలాగే నడిపి ఉంటుంది.

ములుగులోకి ముందు మా వీపు ప్రవేశించింది. జనం దారి ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు, ఏ పక్కకు వస్తామో వాళ్లకూ తెలియదు. ఒక పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టి, ఇట్లా నడపొచ్చా అని అడిగాడు. స్ట్రెచరు చూసి తనే ముందు నడుస్తూ జనాన్ని పక్కకు జరిపాడు. బస్టాండులో హనుమకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మనుషులు నిలబడడానికి కూడా చోటు లేదు, తర్వాతి బస్సుకు రమ్మన్నాడు కండక్టరు.

అప్పుడు విన్నాను, థియేటరులోని గొంతు. పెద్దగా అరవలేదు. "వెనక సీటు మొత్తం ఖాళీ చేయించున్రి," అంది. కండక్టరు ఏదో చెప్పబోయాడు. అదే మాట మళ్లీ అంది. అతను డ్రైవరు వైపు చూశాడు. మళ్లీ అంది, మొదటిసారి అన్నట్టే, ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ లేకుండా. వెనక సీటు ఖాళీ అయింది. కొంతమంది తమంతట తామే దిగిపోయారు. ఆ బస్సు దారిలో ఎక్కడా ఆగలేదని, దిగాల్సినవాళ్లు కూడా అడగలేదని తర్వాత తెలిసింది.

ఇప్పటికీ హనుమకొండ దాకా వెనక్కే వచ్చామని చెప్పేవాళ్లున్నారు. కాదు. ములుగు దాకానే. అక్కడినుంచి కారు ఒక లారీ వెనక తాడు కట్టించుకుని, ముందుకు చూస్తూ, చాలా గౌరవంగా వచ్చింది. నేను స్టీరింగు పట్టుకున్నాను, పక్కన ఉస్తాద్.

ముసలమ్మకు ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. పేగు కొంత నల్లబడితే ఆ ముక్క తీసి కుట్టారు. బతికింది. కోలుకుని ఊరికి పోయేసరికి కోడలు చాయ్ కొట్టును ఆమెకంటే బాగా నడుపుతోందట. ఆ దిగులుతో మళ్లీ మంచం పడుతుందేమోనని డాక్టరమ్మ నవ్వుతూ అంది. కారు గేరుబాక్సు గురించి దవాఖాన కమిటీ కూర్చుని చర్చించి, అడవి రోడ్ల వల్లే చెడిందని తేల్చింది. ఆ గేరుబాక్సు సామాన్లు హైదరాబాదులో కూడా దొరకలేదు. చివరికి ఉస్తాద్ ఒక మామూలు గేరుబాక్సును ఆ కారుకు అతికించి, కింద క్లచ్ కూడా పెట్టాడు. ఆ పని ఎంత బాగా చేశాడంటే, చూడ్డానికి హైదరాబాదు నుంచి మెకానిక్కులు వచ్చారు.

అయితే ఆ ప్రయాణం మర్నాడు ఉస్తాద్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు. షెడ్డు దగ్గర ఆ రోజే మీరు చెప్పారు గదా అన్నాడు.

"ఒక్కసారే చెప్పిన ఉస్తాద్," అంది ఆమె. "థియేటరు లోపల పేషెంటు ఉంటే ఒక్కసారి చెప్పి ఊకుంటనా?"

ఎన్నిసార్లు చెప్పినా తాను వినేవాణ్ని కాదని నిజాయితీగా చెప్పాడు. వినకపోయినా చెప్పాల్సింది అని ఆమె అంది.

ఇక్కడితో ఆపితే మీకు మంచి కథ అవుతుంది. కానీ ఉస్తాద్ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. తర్వాతి సోమవారం జీపును స్టార్ట్ చేయించి, కాంపౌండు చుట్టూ తిప్పించి, వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా దాని ఇంజన్ ఆయిలు చూశాడు. గీతకు చాలా కిందికి ఉంది. మామూలు ఇంజన్లో ఎప్పుడూ అలాగే ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఆయిలు పైన తిరుగుతూ ఉంటుంది మరి. ఇన్నేళ్లు ఈ బండిని ఖాళీ కడుపుతో నడిపానని బాధపడి, గీత మీదికి వచ్చేదాకా పోశాడు. నేను వద్దని చెప్పి చూశాను. నీళ్లు తాగినంత సేపు కూడా వినలేదు. మధ్యాహ్నానికి జీపు వెనక నీలం పొగ లేచింది. మర్నాటికి ఆ పొగకు ప్రార్థన మందిరం కిటికీలు మూయించారు.

డాక్టరమ్మ షెడ్డుకు వచ్చింది. మళ్లీ ఆయిలు చూడడానికి జీపు ఇంజన్ నడుస్తూ ఉంది. జీపుకు ఇంజన్ ఆపే చూడాలి ఉస్తాద్ అంది. ఆయన పానా తుడవడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతిని నమ్మి ఒక బండిని పాడుచేశాను, ఇంకోదాన్ని చేయనన్నాడు. ఆమె అదే మాట మళ్లీ చెప్పింది. ఆ బండి వేరు, ఈ బండి వేరు అని విడమరిచి మళ్లీ చెప్పింది. ఆయన తల ఎత్తలేదు. ఆమె అక్కడున్న స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. వార్డునుంచి ఎవరో పిలవడానికి వస్తే, వస్తానని చెప్పమంది గానీ లేవలేదు.

చివరికి ఉస్తాద్ లేచి జీపు తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. అది చల్లారేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం. పుల్ల లాగి, తుడిచి, దింపి, లాగి, వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గచ్చు మీద గోనెపట్టా పరుచుకుని, జీపు కిందికి జరిగి, ఎక్కువైన ఆయిలు వదలడానికి బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు.

ఆమె స్టూలు మీదే ఉంది, ఆయన బయటికి వచ్చేదాకా.